కుర్ట్‌కి నువ్వు, లోమన్ గారికి మీరు

మా సీరియల్లో నా మొగుణ్ణి చంపేస్తున్నారన్న సంగతి నాకు మేకప్ గదిలో తెలిసింది. ఇలోనా నా బుగ్గల మీద పౌడరు అద్దుతూ, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా, "కుర్ట్ పోతున్నాడట" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

"పైకి. పిండి గదిలో, గుండె ఆగి. నిన్న రచయితలు తేల్చేశారు."

"నన్నడక్కుండానా?"

"సొంత మొగుడైనా నిన్నడిగి పోతాడా ఏంటి? పెదాలు కదపకు."

పెదాలు కదపకుండా ఉండడం నాకు పుట్టుకతోనే రాలేదు. ఆ పూట మాత్రం నోరు పెగల్లేదు. ఇలోనా లిప్‌స్టిక్ పని ఒక్క గీతలో ముగించేసింది.

మాది 'మేడర్ బేకరీ.' సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం వార్తలకు ముందు వస్తుంది. లైప్జిగ్‌లో స్టూడియో. దాదాపు ఇరవై ఏళ్ళుగా అందులో నేను బేకరీ నడిపే కుర్ట్ పెళ్ళాం రోజీ మేడర్‌ని. అంతకు ముందు హాలె నాటకశాలలో రాణీ వేషాలు వేసినదాన్ని. కత్తితో పోయాను, విషంతో పోయాను, ఒకసారి నదిలో దూకి కూడా పోయాను. చూసినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. ఇప్పుడవేవీ ఎవరికీ గుర్తు లేవు. మాంసం కొట్టుకు వెళితే వరసలో ముందున్నావిడ నా చెయ్యి పట్టుకుని, "మేడర్ గారూ, మీ ఆయన్ని ఆ వెన్న కాస్త తగ్గించమనండి, మనిషి మొహంలో కళ లేదు" అంటుంది. మొదట్లో చిరాకు పడేదాన్ని. తరవాత్తరవాత, "చెప్తే వింటే కదండీ" అనడం అలవాటు చేసుకున్నాను.

ఆ వెన్న తినే ఆయన ఎకార్ట్ లోమన్. హాంబర్గ్ మనిషి. మా దగ్గరికి రాకముందు అక్కడొక పోలీసు సీరియల్లో ఏళ్ళ తరబడి చేశాడు. పెద్ద ఇన్‌స్పెక్టరు నేరం తేల్చి లేవగానే తలుపు తీసి, "కారు సిద్ధంగా ఉంది సార్" అనే చిన్న ఇన్‌స్పెక్టరు వేషం. అన్నేళ్ళలో ఒక్క జేబుదొంగను కూడా ఆయన చేత పట్టించలేదు. ఈ సంగతి ఆయనే అందరికీ నవ్వుతూ చెప్పుకుంటాడు. నాకైతే అలాంటి వేషం గురించి నవ్వుతూ చెప్పుకునే గుణం లేదు. నేనైతే మూడో వారంలోనే ఆ పెద్ద ఇన్‌స్పెక్టర్ని కారుతోనే తొక్కించి ఉండేదాన్ని.

ఇక అసలు సంగతి. మా సినిమావాళ్ళ మధ్య, టీవీవాళ్ళ మధ్య 'మీరు' అనే మాటే వినపడదు. డైరెక్టరు మొదలుకొని వ్యాను తోలేవాడి దాకా అందరికీ అందరూ నువ్వే. కొత్తగా వచ్చినవాడు చెయ్యి కలిపేలోపు నువ్వు అయిపోతాడు. మా సెట్లో ఒకరినొకరు మీరు అనుకునేవాళ్ళు ఇద్దరే ఇద్దరు, నేనూ లోమన్ గారూ. కెమెరా ముందు, కథ ప్రకారం నలభై ఏళ్ళ కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలం. "కుర్ట్, బూట్లు తుడుచుకుని రా" అంటాను, "రోజీ, నువ్వూ నీ బూట్ల గోలా" అంటాడు. డైరెక్టరు కట్ అనగానే నా ఇంటిపేరు పెట్టి, "క్రాన్ గారూ, ఆ పళ్ళెం మీకు బరువుగా ఉందేమో, ఇలా ఇవ్వండి" అంటాడు. "ఫరవాలేదు లోమన్ గారూ" అంటాను. కొత్తవాళ్ళు ఇది చూసి మేము పోట్లాడుకున్నామనుకుంటారు.

పోట్లాట కాదు, మర్యాద. షూటింగు మొదలయ్యే ముందు జరిగిన విందులో ఈయన చేతిలో గ్లాసుతో నా దగ్గరికి వచ్చి, "నేను ఎకార్ట్. ఇక మీదట మనం నువ్వు అనుకుందామా?" అన్నాడు. మా దేశంలో ఆ మాట ముందుగా ఎవరు అనాలో పద్ధతి ఉంది. వయసులో పెద్దవాళ్ళు అనాలి, ఆడవాళ్ళు అనాలి. నేను ఆయనకంటే కొన్ని నెలలు పెద్ద, పైగా ఆడదాన్ని. పైగా అప్పటికే నువ్వు అనే మాట మీద నాకు నమ్మకం పోయింది. నా మాజీ భర్త నాటకాల డైరెక్టరు. పరిచయమైన గంటలో నన్ను నువ్వు అన్నాడు, ఆరేళ్ళ తరవాత అదే నువ్వుతో ఇంకొకామెను ఇంటికి తెచ్చాడు. అందుకని లోమన్ గారితో, "ఆ మాట అనాల్సింది నేనండీ. నాకు అనిపించినప్పుడు అంటాను" అన్నాను. ఇవాళ అడిగినా నేను చేసింది సబబే అంటాను.

ఆయన కించపడలేదు. తల కొంచెం వంచి, "అయితే ఎదురుచూస్తాను, క్రాన్ గారూ" అన్నాడు.

చూశాడు. ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. మొదటి ఏడాది నా పంతం అడ్డం వచ్చింది, తరవాత అలవాటు అడ్డం వచ్చింది, ఆ తరవాత అది సెట్లో అందరికీ తెలిసిన తమాషా అయిపోయింది. రోజూ పొద్దున మేకప్ గదిలో ఆయన పేపర్లో గళ్ళ నుడికట్టు అంతా నింపి, ఒక్క మాట మాత్రం నా కోసం ఖాళీగా ఉంచేవాడు. "క్రాన్ గారూ, మధ్యయుగపు తలపాగా, చివర ల. నాకు తట్టడం లేదు." ఆయనకు తట్టకపోవడమేమిటి, తలపాగాల మీద పుస్తకం రాయగలడు. అయినా నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఆలోచించి చెప్పేదాన్ని, ఆయన ఆశ్చర్యపోయేవాడు. మా పొద్దు అలా మొదలయ్యేది.

ఇప్పుడు ఆ మనిషిని తీసేస్తున్నారు. ఛానల్‌కు కుర్రతనం కావాలట. కుర్ట్ పోతే మనవరాలు బేకరీ చేతికి తీసుకుని వెన్న లేని కేకులు చేస్తుందట. లోమన్ గారు లైప్జిగ్‌లో తన అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశాడు. హాంబర్గ్ వెళ్ళిపోతాడు, వేసవిలో ఓడల మీద ప్రయాణికులకు కథలు చదివి వినిపించే పని దొరికింది. పిండి గదిలో కుర్ట్ చావు రాబోయే గురువారం. మా దగ్గర ఎవరి ఆఖరి షాటైనా అయిపోగానే సహాయ దర్శకుడు గట్టిగా వాళ్ళ పేరు చదివి, ఫలానావారి పని పూర్తయింది అని ప్రకటిస్తాడు. అందరూ చప్పట్లు కొడతారు, పూలగుత్తి ఇస్తారు, ఆ మనిషి గేటు దాటి వెళ్ళిపోతాడు. ఆ తరవాత సెట్టుకు వస్తే అతిథే.

"ఇప్పుడైనా అంటావా, అనవా?" అంది ఇలోనా మర్నాడు.

"ఏమిటి?"

"అమాయకురాలు. నువ్వు అనే మాట. రెండక్షరాలు. రాణీ వేషాల్లో పేజీలకు పేజీలు అప్పజెప్పావట కదా."

"ఆయన వెళ్ళిపోబోయే మనిషి. ఇప్పుడంటే ఏం లాభం?"

"అనకపోతే ఏం లాభం?"

ఇలోనా నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం నూరేళ్ళది. ఆ పూటంతా అదే ఆలోచించాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. నువ్వు అన్నాక ఆయన మామూలుగా సరే అని, పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే? అనకుండా వెళ్ళిపోతే మాత్రం, ఒక మనిషిని ఇరవై ఏళ్ళు గుమ్మంలో నిలబెట్టి, లోపలికి రమ్మనకుండా పంపేసినదాన్నవుతాను. రెండూ నాకు ఇష్టం లేవు. ఏమైనా సరే, పూలగుత్తి చేతికి అందేలోపు అనేయాలనుకున్నాను.

క్యాంటీన్లో మొదటి ప్రయత్నం చేశాను. ఆయన బంగాళాదుంప సూపులో సాసేజి ముక్కలు ఏరుకుని ముందు తినేస్తున్నాడు, చివరికి వట్టి సూపు మిగిలితే విచారిస్తాడు, ఎప్పుడూ అంతే. ఎదురుగా కూర్చున్నాను.

"లోమన్ గారూ, మనం..."

ఆయన చెంచా కింద పెట్టేశాడు. పెట్టడమే కాదు, రుమాలుతో మూతి తుడుచుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆ కళ్ళు చూస్తే ఆ విందులో గ్లాసు పట్టుకుని నిలబడిన మనిషే కనపడ్డాడు.

"మనం... ఆ పిండి గది సీను ఒకసారి చదువుకుందామా?" అన్నాను.

"తప్పకుండా" అన్నాడు ఆయన. మళ్ళీ చెంచా తీశాడు. రెండు చెంచాలు తాగి, "అసలు నేనే మిమ్మల్ని అడగాలనుకున్నాను. క్రాన్ గారూ, మీకు చావడంలో చాలా అనుభవం ఉంది. నాకు ఇదే మొదటిసారి. పోలీసు సీరియల్లో కూడా నన్ను చావనివ్వలేదు, కారెవరు తెస్తారని. కాస్త నేర్పిస్తారా?" అన్నాడు.

అలా బుధవారం మధ్యాహ్నం, అందరూ కాఫీకి వెళ్ళిన వేళ, పిండి గది సెట్లో నేను లోమన్ గారికి చావడం నేర్పాను. ఆయన కోటు విప్పి మడిచి పక్కన పెట్టి, బస్తాల మీద బుద్ధిగా పడుకున్నాడు.

"ముందు మొహం వదిలెయ్యండి" అన్నాను. "మీరు పంటి నొప్పి ఉన్నవాడిలా ఉన్నారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పన్ను పీకించుకున్నవాడిలా ఉన్నారు. నయమే. ఊపిరి కడుపుతో తీయకండి, కెమెరాకు తెలిసిపోతుంది. వీపు వైపు తీయండి. చచ్చినవాళ్ళ పొట్ట కదలకూడదు."

"ఈ పొట్ట కదలకుండా ఉండడం కష్టమండీ. ఇరవై ఏళ్ళ వెన్న."

నేను ఆయన పొట్ట మీద అరచెయ్యి పెట్టి, "నా చెయ్యి కదలకూడదు" అన్నాను. మొదట బాగా కదిలింది. తరవాత మెల్లిగా నిలిచింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. బయట లైట్లవాళ్ళు ఏదో దొర్లిస్తున్న చప్పుడు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను. ఈయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, నా మొహం చూడడు.

"లోమన్ గారూ" అన్నాను.

"చచ్చినవాణ్ణి మాట్లాడొచ్చా?"

"మాట్లాడకూడదు."

ఆ రెండక్షరాలు నేను నాలుక చివరికి తెచ్చుకునేలోపు కెమెరావాళ్ళు కాఫీ తాగి తిరిగి వచ్చారు. నేను చెయ్యి తీసి, "బాగా చస్తున్నారు, రేపు కూడా ఇలాగే చావండి" అని చెప్పి బయటికి వచ్చేశాను. కారిడార్లో నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ నువ్వు అంటూనే తిట్టుకున్నాను, అక్కడేమీ మొహమాటం అడ్డం రాలేదు.

గురువారం పొద్దున మేకప్ గదిలో ఆయన నుడికట్టు మడిచి నా ముందు పెట్టాడు. ఒక్క గడీ కూడా ఖాళీ లేదు.

"అన్నీ తట్టాయా?" అన్నాను.

"ఇవాళ తేలిగ్గా ఇచ్చారు" అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. నాకు మాత్రం ఆ నిండిన గళ్ళు చూస్తే ఏడుపొచ్చింది. ఇలోనా నా కళ్ళ కింద పెట్టిన రంగు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

సెట్లోకి వెళ్ళే ముందు ఇలోనా మా ఇద్దరి ఎడమ భుజాల వెనక్కి తిరిగి, ఉమ్మినట్టుగా, "తోయ్ తోయ్ తోయ్" అంది. నాటకాల రోజుల నుంచి మాకున్న దిష్టి మాట అది. విన్నవాళ్ళు మెదలకుండా వెళ్ళిపోవాలి, థాంక్స్ చెప్పకూడదు, చెప్తే మొత్తం ఎదురు తిరుగుతుంది. నాటకశాలలో పుట్టి పెరిగినదాన్ని, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"థాంక్స్ ఇలోనా" అన్నాను.

ఇలోనా చేతిలో పౌడర్ బ్రష్ ఆగిపోయింది. లోమన్ గారు నా వంక తిరిగి చూశాడు.

"థాంక్స్ అన్నావా?" అంది ఇలోనా.

"లేదు."

"అన్నారు" అన్నాడు లోమన్ గారు మెల్లిగా. "నేనూ విన్నాను."

"అయితే అన్నాను. నోరు జారింది. పదండి."

పిండి గదిలో లైట్లు పెట్టారు. డైరెక్టరు టిల్మన్ పొడుగ్గా ఉంటాడు, మాట మెత్తన, ఎవరినీ కసరడు, అందుకే అతని సెట్లో పనులు ఆలస్యంగా అవుతాయి. కుర్ట్ బస్తాల మీద ఒరిగిపోతాడు, రోజీ తలుపు తీసుకుని వస్తుంది, పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటుంది, ఆయన కళ్ళు మూస్తాడు, అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే: "నువ్వు వెళ్ళిపోతే పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" మంచి మాటే, ఆ రచయితలు అప్పుడప్పుడు నాలుగు ముక్కలు సరిగ్గానే రాస్తారు.

"ఆదెల్, సిద్ధమేనా?" అన్నాడు టిల్మన్.

"సిద్ధం."

క్లాప్ కొట్టారు. ఆయన ఒరిగాడు. నేను తలుపు తీసుకుని వచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. చలికాలంలో కూడా నన్ను పట్టుకునే సీనుకు ముందు లోమన్ గారు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని వచ్చేవాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన నా వంక చూశాడు, కళ్ళు మూశాడు. పొట్ట కదల్లేదు, నేర్పినట్టే. చాలా బాగా చచ్చిపోయాడు. గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదు. నేను నోరు తెరిచాను.

"మీరు వెళ్ళకండి" అన్నాను.

ఆ మాట నాదని నాకే తెలియలేదు. విని, ఇదెవరన్నారా అనుకున్నాను. నా కన్నీళ్ళు ఆయన చొక్కా మీద పడుతున్నాయి, అవి కూడా రాసినవి కావు. "మీరు వెళ్ళకండి. నాకు బాగుండదు" అన్నాను మళ్ళీ.

టిల్మన్ చాలాసేపు కట్ చెప్పలేదు. చివరికి చెప్పాడు. అతను హెడ్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా, "ఆదెల్, చాలా బాగుంది. కాని నువ్వు కుర్ట్‌ని మీరు అన్నావు" అన్నాడు.

"తెలుసు."

"నలభై ఏళ్ళ మొగుణ్ణి."

"తెలుసన్నాను కదా."

వెనక నుంచి ఇలోనా గొంతు వినపడింది: "థాంక్స్ చెప్పింది మహాతల్లి, ఇంకేమవుతుంది."

అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళ తమాషా కదా, నవ్వక ఏం చేస్తారు. కెమెరా అతను కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడు ఆయన పొట్ట కదిలింది. లోమన్ గారు కళ్ళు తెరిచి, పిండి రాలుతుండగా బస్తాల మీద లేచి కూర్చున్నాడు. ఆయన నవ్వడం లేదు.

"ఆమె కుర్ట్‌తో అనలేదు, టిల్మన్" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. దాక్కోవడానికి నాకు పిండి గదిలో బస్తాలు తప్ప ఏమీ లేవు. ఇక దాక్కోవాలని కూడా అనిపించలేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి, ఒక బస్తా పట్టుకుని లేచి నిలబడ్డాను. మా పద్ధతి ప్రకారం ఆ మాట అనేటప్పుడు ముందు తన పేరు చెప్పుకోవాలి.

"నేను ఆదెల్‌హైడ్" అన్నాను. నా పేరు నాకే కొత్తగా వినపడింది. "మీకు... ఇష్టమైతే."

ఆయన బస్తాల మీది నుంచి దిగాడు. చొక్కా దులుపుకున్నాడు, పిండి ఇంకా పైకి లేచింది. విందులో వంచినట్టే తల కొంచెం వంచాడు.

"నేను ఎకార్ట్" అన్నాడు. "ఎదురుచూస్తానన్నాను కదా."

వీడ్కోలుకని ఐసులో పెట్టిన నురగలు కక్కే వైను సీసాను ఇలోనా అప్పుడే తెచ్చేసింది. టిల్మన్ కాదనలేదు. కొత్తగా నువ్వు మొదలుపెట్టేవాళ్ళు తాగే మా పద్ధతిలో చేతిలో చెయ్యి మెలివేసి, ఒకరి గ్లాసు ఒకరికి తగలకుండా తాగడం అరవై దాటినవాళ్ళకు అంత తేలిక కాదు, సగం నా ఏప్రన్ మీద పోసుకున్నాను. ఆయన నా బుగ్గ మీద ముద్దు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాటకశాలలో నదిలో దూకినప్పుడు కూడా అన్ని చప్పట్లు పడలేదు. తరవాత ఏప్రన్ మార్చుకుని, మేకప్ దిద్దించుకుని, ఆ షాటు మళ్ళీ చేశాం. "నువ్వు వెళ్ళిపోతే పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అన్నాను, ఎక్కడా తడబడలేదు. సహాయ దర్శకుడు ఎకార్ట్ లోమన్ పని పూర్తయిందని అరిచాడు. పూలగుత్తి ఇచ్చారు.

ఆయన దాన్ని అలాగే తెచ్చి నాకిచ్చాడు. మేమిద్దరం ఖాళీ క్యాంటీన్లో కూర్చున్నాం. నాకు కొంచెం సిగ్గుగా, చాలా సంతోషంగా ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు టీ తాగుతావా?" అన్నాడు.

"తాగుతాను. నువ్వు?"

"నువ్వు తాగితే నేనూ తాగుతాను."

"అయితే నువ్వే తీసుకురా."

ఆయన లేవలేదు. నా వంక చూశాడు. నేనూ ఆయన వంక చూశాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆ గొంతు కుర్ట్‌ది. ఆ 'తీసుకురా' రోజీది, బూట్లు తుడుచుకుని రా అనే రోజీది. ఇరవై ఏళ్ళుగా వారానికి అయిదు రోజులు పలికి పలికి నువ్వును మేము రాసిచ్చిన మాటగా మార్చేసుకున్నాం. దాని వెనకాల ఎవరో ఒకరు కట్ అనాలి. పైగా కుర్ట్ ఇప్పుడే పోయాడు.

ముందు ఆయనకు నవ్వొచ్చింది. తరవాత నాకు. చాలాసేపు నవ్వుకున్నాం, గిన్నెలు కడిగే ఆమె వచ్చి చూసి వెళ్ళింది.

"లోమన్ గారూ" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ, "మీరేమీ అనుకోకపోతే..."

"అమ్మయ్య" అన్నాడు ఆయన. "క్రాన్ గారూ, నేనెలా అడగాలా అని చూస్తున్నాను."

మా ఇద్దరి మధ్య ఎవరూ రాసివ్వని మాట ఆ 'మీరు' ఒక్కటే అని మాకు అన్నేళ్ళు తెలియలేదు. ఆయన టీ తెచ్చాడు. తాగుతూ, "మీరు హాంబర్గ్ వెళ్ళకండి" అన్నాను. ఈసారి నాకు తెలిసే అన్నాను. ఓడల మీద కథలు వేసవిలో చదవొచ్చు, మిగతా కాలం లైప్జిగ్‌లో ఉండొచ్చు, నా ఇంట్లో వెనక గది ఊరికే ఉంది అని చెప్పాను. ఆయన చక్కెర కలుపుతూ అలాగే కలుపుతూ ఉండిపోయాడు. "వెనక గదిలో కిటికీ ఎటు తిరిగి ఉంటుందండీ?" అన్నాడు చివరికి. తూర్పు అన్నాను. సరే అన్నాడు.

అక్టోబరులో కుర్ట్ చనిపోయిన భాగం టీవీలో వచ్చింది. ఆ శనివారం మేము సంతకు వెళ్ళాం. నేను ప్లమ్ పళ్ళు ఏరుకుంటున్నాను. ఆయన ఇంకో బండి దగ్గర పుట్టగొడుగుల వాసన చూస్తున్నాడు. ఒక పెద్దావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మేడర్ గారూ, నేను చూశానండీ. రాత్రంతా నిద్ర లేదు. వెన్న తగ్గించమని అందరం చెప్తూనే ఉన్నాం."

"చెప్తే వింటే కదండీ" అన్నాను.

సరిగ్గా అప్పుడే లోమన్ గారు ఒక సంచీతో వచ్చాడు. "క్రాన్ గారూ, వీటిని మీరొకసారి చూడండి, తాజాగానే ఉన్నాయంటారా?" అన్నాడు. ఆవిడ ఆయన్ని కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పింది.

"ఈయన అచ్చం కుర్ట్ లాగే ఉన్నాడే."

"ఉన్నాడండీ."

"నేనేమీ తప్పు పట్టడం లేదు. ఒంటరితనం ఎవరికైనా కష్టమే." ఆవిడ ఆయన మా వైపు చూడడం లేదని నిర్ధారించుకుంది. "ఇంకా మీరు అనే పిలుచుకుంటున్నారు కదూ? నేను విన్నాను. అదే మంచిది. నువ్వుదాకా రావడానికి తొందరపడకండి."

"లేదండీ" అన్నాను. "మాకు తొందరేమీ లేదు."